మన నేల, మన పాదాలు, మన మెట్లు

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని పూర్వ విద్యార్థుల సంఘం మిత్రులు అడిగారు. ఈ బడిలోనే చదివి, తర్వాత ఇక్కడే కొన్నేళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి పాలెగాళ్ల గురించో, గండికోట గురించో రాస్తానని అనుకుని ఉంటారు. నేను పాదాల గురించి రాస్తున్నాను. అందుకు కారణం మీరే.

ఉత్సవాల్లో భాగంగా అందరం గండికోటకు పోయి, కోట మీద నుంచి పెన్న లోయ వైపు కాస్త నడుద్దామని అనుకున్నప్పటి నుంచి సంఘం వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: ఏ బూట్లు కొనాలి? హైదరాబాదు నుంచి అడిగారు, బెంగళూరు నుంచి అడిగారు, అమెరికా నుంచి కూడా అడిగారు. ఒకరు పదివేల రూపాయల బూట్ల ఫోటో పెట్టారు. దాని కింద ఊళ్లోనే ఉంటున్న ఒక మిత్రుడు, ‘చిన్నప్పుడు ఉత్తకాళ్లతో తిరిగినోళ్లమే కదా, ఇప్పుడు కొత్తగా ఏమొచ్చింది?’ అని రాశాడు. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు.

ఉత్తకాళ్లతో తిరిగామన్నది నిజమే. అయితే అలా తిరగడం ఎవరి ఇష్టం? ఎవరికి చెప్పులుండేవి, ఎవరికి లేవు, ఉన్నా ఎవరు ఎక్కడ విప్పాల్సి వచ్చేది? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే మన సీమ చరిత్రలో ఒక పెద్ద ముక్క బయటపడుతుంది. అది తెలుసుకున్నాక బూట్ల సంగతీ మాట్లాడుకుందాం.

మన నేల ఎట్లాంటిది

భూగర్భ శాస్త్రంలో మన జిల్లాకు పెద్ద పేరుంది. ఇక్కడి రాళ్లను పరిశీలించి విలియం కింగ్ 1872లో ఒక గ్రంథం ప్రచురించాడు. ప్రపంచంలో ఎక్కడి శాస్త్రవేత్తలైనా ఈ రాళ్ల వరుసను కడప పేరుతోనే పిలుస్తారు. అందులో పులివెందుల పేరుతో ఒక పొర, గండికోట పేరుతో ఒక పొర, తాడిపత్రి పేరుతో ఒక పొర ఉన్నాయి. పులివెందుల, గండికోట పొరలు క్వార్ట్‌జైట్ రాయి. అది విరిగితే అంచు కత్తిలా ఉంటుంది. ఎండకు కాగితే పెనంలా ఉంటుంది.

సింహాద్రిపురం చుట్టుపక్కలకు వస్తే నల్లరేగడి చేలు. వాన పడితే అడుగు తీసినప్పుడల్లా అరశేరు మట్టి కాలికి అంటుకుని వస్తుంది. ఎండాకాలంలో అదే నేల పాదం పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. జొన్న కోశాక మిగిలే కొయ్యలు మేకుల్లా నిలబడి ఉంటాయి. జొన్నకొయ్య అరికాలిలో దిగినవాడికి దాని సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గట్ల మీద పల్లేరు కాయలు, రేగుముళ్లు, తుమ్మముళ్లు. ఇవన్నీ ఇక్కడివే.

ఇక్కడిది కాని ముల్లు ఒకటి ఉంది. ఇప్పుడు వాగు గట్టున, చెరువులో, బీడులో ఎక్కడ చూసినా కనిపించే సర్కారు తుమ్మ. మనం కంపచెట్టు అంటాం. దీని సొంత ఊరు మెక్సికో, దక్షిణ అమెరికాల వైపు. ధాత కరువు మొదలైన 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి లెఫ్టినెంట్ కర్నల్ బెడ్డోమ్, మెట్ట ప్రాంతాల్లో వంటచెరకుకు పనికొస్తుందని ఈ గింజలు తెప్పించమని పైవాళ్లకు రాశాడు. 1877-78 ప్రాంతంలో వాటిని నాటిన చోటు మన కమలాపురం. దేశంలో ఈ చెట్టును పనిగట్టుకుని నాటిన తొలి చోట్లలో మన జిల్లా ఒకటన్నమాట. కరువులో అది ఎన్నో పొయ్యిలు వెలిగించింది, బొగ్గు బట్టీలతో ఎందరికో కూలి ఇచ్చింది. ఆ మేలు మరవకూడదు. కానీ దాని ముల్లు సన్నని రబ్బరు చెప్పులో దూరి అరికాలికి తగులుతుంది. లోపల విరిగితే పుండు పడుతుంది.

మా చిన్నతనంలో గొర్రెల కాపరుల మొలతాడుకు ముల్లు తీసే చిన్న శ్రావణం వేలాడేది. ముల్లు లోపల విరిగితే జిల్లేడు పాలు పెట్టి, మరునాడు పైకి తేలాక తీసేవారు. పగుళ్లకు ఆముదం రాసేవారు. పిల్లలకు పాలతో పాటు ముళ్లు తీయడం కూడా అమ్మల పనే.

మెట్లు కుట్టినవాళ్లు

మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పులను మెట్లు అంటారు. పక్కనున్న కన్నడంలోనూ ఈ మాట ఉంది. పాత తెలుగులో ముచ్చెలు, పాదుకలు, కర్రతో చేసిన పాంకోళ్లు, నడిస్తే చప్పుడు చేసే కిర్రుచెప్పులు ఉన్నాయి. కిర్రుచెప్పుల చప్పుడు వినబడితే ఎవరో పెద్ద రైతు వస్తున్నాడని అర్థం.

వాటిని కుట్టింది మాదిగలు. ఆ పని ఎంత శాస్త్రంతో కూడుకున్నదో మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా రాయలేదు. చచ్చిన గొడ్డు తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు ఊడగీకి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవారు. తోలును సంచిలా కుట్టి, అందులో తంగేడు చెక్క రసం పోసి వేలాడదీసేవారు. ఆ రసం తోలులోకి ఇంకితేనే అది కుళ్లకుండా, నీళ్లకు గట్టిపడకుండా నిలుస్తుంది. కరక్కాయ కూడా వాడేవారు. ఇదంతా వారాల తరబడి సాగే పని. తర్వాత రంపెతో కోసి, ఆరెతో పొడిచి, తోలు దారంతో కుట్టాలి. అట్ట, వారు, బొటనవేలు దూరే ఉంగటం, అన్నీ ఆ మనిషి కాలి కొలత చూసి చేసినవే. కొత్త చెప్పు కరిస్తే ఆముదం పట్టించి నాలుగు రోజులు మెత్తబరచమనేవారు.

వ్యవసాయం కూడా ఆ చేతుల మీదనే నడిచింది. బావిలో నీళ్లు తోడే కపిలకు తోలు బాన కావాలి, తొండం కావాలి, ఎద్దులకు పట్టెడలు కావాలి. వీటన్నిటికీ కూలి డబ్బు రూపంలో వచ్చేది కాదు. పంట కళ్లంలో మేర కొలిచి ఇచ్చేవారు. పంట పోయిన ఏడు మేర కూడా పోయేది. ఆయిలింజన్లు, ఆ తర్వాత కరెంటు మోటార్లు వచ్చాక కపిల బానతో పాటు ఆ మేర కూడా ఆగిపోయింది.

ఊరందరికీ మెట్లు కుట్టినవాడు ఊళ్లోకి వచ్చేటప్పుడు మెట్లు తొడుక్కోకూడదు. తొడుక్కుని వస్తే పెద్దల ఇళ్ల ముందు విప్పి చేత పట్టుకుని నడవాలి. తెలుగు నాట చాలా ఊళ్లలో ఇది అలిఖిత చట్టం. మా తరం పిల్లలం కూడా ఇది చూశాం. బడిలో నా పక్కన కూర్చున్నవాడు ఊరి మొదట్లో చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని, ఊరు దాటాక మళ్లీ తొడుక్కోవడం మాకప్పుడు వింతగా తోచేది కాదు. అది వింతగా తోచకపోవడమే ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా చూసే చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. చట్టం కాగితం మీదికి రావడానికీ, అది ఊరి వీధిలో మనిషి కాలికి చెప్పుగా మారడానికీ మధ్య ఎన్నేళ్లు పట్టిందో మీలో కొందరికి స్వయంగా తెలుసు.

అందుకే ‘ఉత్తకాళ్లతో తిరిగాం, గట్టిపడ్డాం’ అని గొప్పగా చెప్పుకునేటప్పుడు కాస్త ఆగాలి. కొందరికి కొనే స్తోమత లేదు. కొందరికి తొడుక్కునే హక్కు లేదు.

భక్తితో విప్పిన చెప్పులు

ఇష్టపడి విప్పిన చెప్పుల కథ కూడా మన జిల్లాదే. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో 1408లో పుట్టిన అన్నమయ్య బాలుడిగా తిరుమలకు బయలుదేరాడు. మోకాళ్ల పర్వతం దగ్గర ఎండకు, ఆకలికి సొమ్మసిల్లాడు. అప్పుడు అలమేలుమంగ ముసలమ్మ రూపంలో వచ్చి, కొండంతా సాలగ్రామ మయమనీ, చెప్పులు విప్పి ఎక్కమనీ చెప్పిందనేది ఐతిహ్యం. అన్నమయ్య మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఈ కథ ఉంది. కథను కథగా చూసినా ఇందులో చరిత్రకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఆరు వందల ఏళ్ల కిందట కాలినడకన దూరం పోయే బాలుడి కాళ్లకు చెప్పులున్నాయి. దారికి చెప్పు అవసరమని అప్పటివాళ్లకు తెలుసు. విప్పింది కొండ మీద, భక్తితో.

దేవుని కడపను తిరుమలకు తొలి గడప అంటారు. నేటికీ ఎందరో మొక్కు తీర్చుకోవడానికి ఉత్తకాళ్లతో నడుస్తారు. అలిపిరి పాదాల మండపంలో స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. పాదుకను నెత్తిన పెట్టుకున్న సమాజమే పాదుక కుట్టినవాణ్ణి ఊరి బయట ఉంచింది. మన జిల్లాలోనే కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మేంద్రస్వామి మాదిగ కక్కయ్యను శిష్యుడిగా స్వీకరించాడన్న కథను జనం ఇన్ని తరాలుగా చెప్పుకోవడంలో, ఆ తప్పు వాళ్లకు తెలుసన్న ఆనవాలు నాకు కనిపిస్తుంది.

పాదంలోంచి వచ్చిన జబ్బులు

నారికురుపు అనే మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. తెలియకపోవడం మన అదృష్టం. దిగుడుబావిలో మెట్లు దిగి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కడవ ముంచుకునేవారు. ఆ నీళ్లలోని సూక్ష్మజీవులతో పాటు పురుగు పిల్లలు కడుపులోకి పోయేవి. ఏడాది తిరిగేసరికి కాలి మీద బొబ్బ లేచి, చిట్లి, మూరెడు, రెండు మూరల తెల్లని దారం లాంటి పురుగు బయటికి వచ్చేది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగాలి. తెగితే కాలు వాచిపోయి నెలలు మంచం పట్టాలి. ఆ మంటకు కాలు నీళ్లలో పెడితే పురుగు మళ్లీ బావిలోకి పిల్లలను వదిలేది. పంట పనులకు మనుషులు లేకుండా చేసిన జబ్బు అది. దీనికి మందు లేదు, టీకా లేదు. గుడ్డతో నీళ్లు వడగట్టడం, బోరింగులు వేయడం, దిగుడుబావుల్లోకి దిగకుండా చేయడం, ఇంతే. దేశంలో ఈ జబ్బు పాతుకుపోయిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1983-84లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 1996లో చివరి కేసు రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది.

రెండోది కొంకిపురుగు. బయలుకు పోయిన చోట తడి మట్టిలో ఉండి, ఉత్తకాలి చర్మంలోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. 1920ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో దీనిమీద పెద్ద ప్రచారమే జరిగింది. మరుగుదొడ్డి, చెప్పు రెండూ ఉంటేనే దీన్ని ఆపగలరని అప్పుడే చెప్పారు. పాలిపోయి, తరగతిలో తూగే పిల్లవాణ్ణి మందబుద్ధి అనుకునే ముందు వాడి కాళ్లు చూడాల్సిందన్నమాట.

తోలు పోయి రబ్బరు వచ్చింది

మన బడి పాత గ్రూపు ఫోటోలు దగ్గరున్నవారు ఒకసారి ముందు వరుసలో కింద కూర్చున్న పిల్లల కాళ్లు చూడండి. తొలినాళ్ల ఫోటోల్లో ఎక్కువగా ఉత్తకాళ్లే. తర్వాతి ఫోటోల్లో నీలం పట్టీల హవాయి చెప్పులు, అక్కడక్కడా ప్లాస్టిక్ చెప్పులు. ఆ తర్వాత డ్రిల్లు బూట్లు. పెద్దవాళ్లయితే టైరు చెప్పులు. లారీ టైరు కోసి కుట్టిన ఆ చెప్పు బరువే కానీ కంపముల్లును ఆపేది.

బాటా కంపెనీ 1930ల్లో కలకత్తా దగ్గర ఫ్యాక్టరీ పెట్టి యంత్రాల మీద బూట్లు తయారు చేయడం మొదలుపెట్టింది. 1960ల తర్వాత రబ్బరు హవాయి చెప్పులు పల్లెలకు చేరాయి. వీటితో రెండు మార్పులు జరిగాయి. చెప్పు చవకై అందరి కాళ్లకూ వచ్చింది. కాలి కొలత చూసి కుట్టే పని పోయి, మన కాలే అంగట్లోని నంబరుకు సర్దుకోవాల్సి వచ్చింది.

తోలు శాస్త్రాన్ని ప్రపంచ స్థాయికి తీసుకుపోయినవారు ఒక తెలుగువారే కావడం మనకు గర్వకారణం. తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, మద్రాసులో 1948లో ఏర్పడిన కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థకు 1958లో డైరెక్టరయ్యారు. పల్లెలో తోలు ఊనేవాళ్ల పనిని తక్కువగా చూడకుండా ప్రయోగశాల అక్కడికి పోవాలన్నారు. 1985 జూన్ 23న కనిష్క విమాన ప్రమాదంలో మరణించారు.

కొండ బూటు ఎట్లా పుట్టింది

మీరు అడుగుతున్న ట్రెక్కింగు బూట్లకు వంద ఏళ్ల చరిత్ర కూడా లేదు. ఐరోపా కొండలెక్కేవాళ్లు వెనుక మేకులు కొట్టిన తోలు బూట్లు వేసుకునేవారు. 1935లో ఇటలీకి చెందిన విటాలే బ్రమానితో కొండకు పోయినవారిలో ఆరుగురు చనిపోయారు. వాళ్ల బూట్లు ఆ చలికి, ఆ రాతికి తగినవి కావు. ఆ దుఃఖంలోంచి ఆయన 1937 నాటికి లోతైన గాళ్లున్న రబ్బరు అట్టను తయారు చేశాడు. ఇప్పుడు మీరు చూసే కొండ బూట్ల అడుగుభాగం చాలావరకు దాని సంతానమే.

2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి కొండ మీద తొలి శిక్షణ పొందారు. ఊరి వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల కాలం నుంచి అక్కడిదాకా ఎంత దూరమో చరిత్ర చదివినవాళ్లకు అర్థమవుతుంది.

ఇక మీ ప్రశ్నకు జవాబు

గండికోట నడకకు మంచు కొండల బూట్లు అక్కర్లేదు. మన ఎండకు నీళ్లు చొరబడని బరువైన తోలు బూటు వేస్తే లోపల కాలు ఉడుకుతుంది. గాలి ఆడే పైభాగం, ముల్లు దిగనంత గట్టి అట్ట, బండ మీద జారని గాళ్లు, ఈ మూడూ చూడండి. అట్టను చేత్తో వంచండి. వేళ్లు వంగే చోట వంగాలి, మధ్యలో మడతపడకూడదు. కంప, రాళ్లు ఎక్కువున్న దారిలో చీలమండ కప్పే బూటు మేలు.

సాయంత్రం పూట కొనండి. పొద్దంతా నడిచిన కాలు కాస్త ఉబ్బుతుంది, నడకలోనూ అట్లే ఉబ్బుతుంది. వేసుకునే మేజోళ్లతోనే తొడిగి చూడండి. పెద్ద వేలి ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి. అంగట్లో వాలు ఉంటే దిగి చూడండి. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటే గోళ్లు నల్లబడతాయి. మడమ లోపల లేవకూడదు. రెండు కాళ్లూ ఒకే కొలతలో ఉండవు కాబట్టి పెద్ద కాలికి సరిపోయేది తీసుకోండి. కనీసం రెండు వారాలు ఊళ్లో తొడిగి తిరిగాకే కోటకు రండి. అటక మీద ఏళ్ల తరబడి పెట్టిన పాత బూటును నమ్మకండి. చూడ్డానికి కొత్తగానే ఉన్నా అట్ట పొడిపొడిగా రాలిపోవచ్చు.

నూలు మేజోళ్లు చెమట పట్టి తడిగానే ఉంటాయి, అప్పుడే కాలు ఒరుసుకుంటుంది. ఉన్నివి గానీ సింథటిక్‌వి గానీ మేలు. ఒక జత అదనంగా పెట్టుకోండి. ఎక్కడైనా చురుక్కుమంటే బొబ్బ లేచేదాకా ఆగకండి. అక్కడే కూర్చుని, దుమ్ము దులిపి, టేపు అంటించండి. బొబ్బ లేస్తే పై చర్మం పీకవద్దు. గోళ్లు నేరుగా కత్తిరించండి. రాత్రి కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, మడమలకు నూనె రాయండి. సందుల్లో మాత్రం రాయకండి. ముల్లు దిగితే శుభ్రమైన శ్రావణంతో తీసి, ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. పొదల్లో చేయి, కాలు పెట్టేముందు కర్రతో తట్టండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా ఆసుపత్రికి చేర్చాలి.

మనలో చాలామందికి చక్కెర జబ్బు ఉంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, పాదానికి అసలు ప్రమాదం నొప్పి తెలియకపోవడమేనని చూపారు. చక్కెర జబ్బులో స్పర్శ తగ్గిన కాలికీ అదే వర్తిస్తుంది. చెప్పులో రాయి ఉన్నా తెలియదు. అలాంటివారు తొడిగే ముందు బూటులో చేయి పెట్టి చూడాలి, రోజూ అద్దం పెట్టుకుని అరికాలు చూసుకోవాలి, మొక్కు కోసమైనా ఎండబండ మీద ఉత్తకాళ్లతో నడవకూడదు. దేవుడు తప్పు పట్టడు.

చివరగా సంఘానికి ఒక విన్నపం. 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలతో పాటు బూట్లు, మేజోళ్లు ఇస్తున్నారు. ప్రభుత్వం మారి పథకం పేరు మారినా బూట్లు ఆగలేదు. అయితే ఆ వయసులో కాలు ఆగకుండా పెరుగుతుంది. జూన్‌లో సరిపోయిన బూటు సంక్రాంతికి బిగుతవుతుంది. బిగుతైన బూటును పిల్లవాడు ఇంట్లో వదిలి, మళ్లీ ఉత్తకాళ్లతో వస్తాడు. స్వర్ణోత్సవ నిధిలో కొంత పక్కన పెట్టి, ఏటా సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు మన బడి పిల్లలందరి కాలి కొలతలు తీసి, సరిపోనివారికి కొత్త జత కొనిద్దాం. కొలత తీసే పని నాకు అప్పగించండి. స్కేలు, అట్టముక్క నేనే తెచ్చుకుంటాను.